లూపు నుండి కాపర్-టీ వరకు: కోత కాన్పులో అడగవలసిన మాట

చిక్కడపల్లి, నారాయణగూడ వీధులలో ప్రసూతి ఆసుపత్రులు. ఆ పక్కనే అశోక్‌నగర్‌లో పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలు. చదువుకూ ఉద్యోగానికీ తొలి బిడ్డ పెంపకానికీ నడుమ రెండవ కాన్పు ఎప్పుడన్నది ఎందరో యువతుల ప్రశ్న. దానికి సమాధానమైన ఒక సాధనానికి మన దేశంలో అరవై ఏళ్ల చరిత్ర ఉన్నది.

1952లో ప్రారంభమైన మన కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోనికి 1965లో లిప్పీస్ లూపు ప్రవేశించింది. లక్ష్యాల వెంట పరుగులో, రక్తస్రావం కలుగవచ్చునని స్త్రీలకు ముందుగా చెప్పడం, తరువాత పరామర్శించడం తగినంతగా జరుగలేదు. వదంతులు వ్యాపించి నమ్మకం సడలింది. తెలుగునాట ట్యూబెక్టమీయే ప్రధాన మార్గమయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం వివాహితలు ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. అదే సర్వేలో తెలంగాణ కాన్పులలో 60.7 శాతం సిజేరియన్లు.

పదేళ్లు పనిచేసే కాపర్-టీ 380ఎ 2002లో జాతీయ కార్యక్రమంలో చేరింది. 2010 ప్రాంతం నుండి కాన్పు వెంటనే దానిని అమర్చే సేవలు విస్తరించాయి. సిజేరియన్‌లో మాయ బయటికి వచ్చిన పిమ్మట, కోత మూసే ముందు, వైద్యులు దానిని గర్భాశయం పైభాగాన ఉంచుతారు. వేరే నొప్పి లేదు, మరొక రాక లేదు, చనుబాలకు హాని లేదు. గర్భాశయంపై కోత మానుటకు వ్యవధి దొరుకుతుంది. ఎప్పుడు కావలసిన అప్పుడు తీయించుకోవచ్చు. అయితే ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, రక్తస్రావం ఆగకున్నా అప్పుడు అమర్చరాదు. కొన్ని జారిపోవచ్చు, కనుక ఆరు వారాలకు పరీక్ష తప్పనిసరి.

లూపు నేర్పిన పాఠం ఒక్కటే: సాధనం మంచిదైనా, అడగకుండా పెట్టినది నిలువదు. మత్తులో ఉన్న రోగి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చాలదని, ప్రాణాపాయం లేనప్పుడు రోగి స్వయంగా అంగీకరించని శస్త్రచికిత్స చేయరాదని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నొప్పులు మొదలయ్యాక ఆపరేషన్ బల్లపై అడిగేది సమ్మతి కాదు. ఏడవ, ఎనిమిదవ నెల పరీక్షలకు వెళ్లినప్పుడే, అమ్మా, మీరే ఈ మాట ఎత్తండి. వద్దనుకుంటే వద్దని చెప్పండి. ఆ మాటనూ కేసు షీటులో వ్రాయించండి.