మెడికా జెనిత్సా

మెడికా జెనిత్సా బోస్నియా-హెర్జెగోవినాలోని జెనిత్సా పట్టణంలో పనిచేస్తున్న మహిళా సంస్థ. యుద్ధంలో అత్యాచారాలకు, ఇతర హింసకు గురైన స్త్రీల కోసం 1993 ఏప్రిల్ 4న మొదలైంది. వైద్యం, మానసిక చికిత్స, ఆశ్రయం, చేతిపని శిక్షణ, న్యాయసహాయం అన్నీ ఒకేచోట అందించడం దీని పద్ధతి. బయటి నుంచి వచ్చిన వైద్యురాలు ఒకరు, స్థానిక స్త్రీలు కలిసి దీన్ని ప్రారంభించారు. నిలబెట్టినవాళ్లు, ఇప్పటికీ నడుపుతున్నవాళ్లు మాత్రం స్థానిక స్త్రీలే. యుద్ధప్రాంతాల్లో స్త్రీలకు అండగా నిలవాలనుకునే సంస్థలకు ఈ చరిత్ర ఎంతో నేర్పుతుంది.

నేపథ్యం

బోస్నియా యుద్ధం 1992 ఏప్రిల్‌లో మొదలై 1995 చివర డేటన్ ఒప్పందంతో ముగిసింది. నిర్బంధ శిబిరాల్లో, బడుల్లో, ఇళ్లలో స్త్రీలను బంధించి అత్యాచారాలు చేశారు. ఫోచా పట్టణంలో పార్టిజాన్ క్రీడాభవనమే ఇలాంటి చెరసాలగా మారింది. బాధితుల సంఖ్య 20,000 నుంచి 50,000 వరకు ఉంటుందని అంచనాలు. వీరిలో ఎక్కువమంది బోస్నియాక్ ముస్లింలు. క్రొయేట్, సెర్బ్ స్త్రీలూ ఉన్నారు.

1992 చివరి నెలల్లో ఈ వార్తలు యూరప్ పత్రికలకెక్కాయి. ఉక్కు కర్మాగారానికి పేరుపడ్డ జెనిత్సా అప్పటికే శరణార్థులతో నిండిపోయింది. ఊళ్లు వదిలి వచ్చినవాళ్లకు తలదాచుకునే చోటు, తిండి దొరికినా, అత్యాచారం వల్ల కలిగిన శారీరక, మానసిక గాయాలకు చికిత్స కరువైంది.

స్థాపన

జర్మనీలో పనిచేస్తున్న స్త్రీవైద్య నిపుణురాలు మోనికా హౌజర్ 1992 డిసెంబరులో జెనిత్సా చేరుకున్నారు. అప్పటికి ఆమె వయసు 33 ఏళ్లు. అక్కడ ఆమెకు డాక్టర్లు, సైకాలజిస్టులు, నర్సులు తోడయ్యారు. దాదాపు 20 మంది స్థానిక స్త్రీలతో జట్టు తయారైంది. ఒకప్పటి పిల్లల బడి భవనాన్ని చికిత్సాకేంద్రంగా మార్చుకున్నారు. జర్మనీలో విరాళాలు కూడగట్టి పరికరాలు, మందులు తెప్పించారు. ఆ దేశంలోని కొలోన్ నగరం కేంద్రంగా మెడికా మోండియాలే అనే సహాయసంస్థ కూడా 1993లోనే పుట్టింది.

కేంద్రం తెరిచి రెండు వారాలు తిరగకముందే పరీక్ష ఎదురైంది. అంతవరకు మిత్రపక్షాలుగా ఉన్న బోస్నియాక్, క్రొయేట్ బలగాల మధ్య జెనిత్సాకు దగ్గర్లోని లాష్వా లోయలో పోరు భగ్గుమంది. ఏప్రిల్ 16న అహ్మిచి గ్రామంలో వందమందికి పైగా ముస్లింలను చంపేశారు. దారులు మూసుకుపోయాయి. బయటివాళ్ల మీదే ఆధారపడి ఉంటే ఆ కేంద్రం ఆనాడే మూతపడేది. జట్టులో బోస్నియాక్‌లతో పాటు క్రొయేట్, సెర్బ్ స్త్రీలూ ఉండేవారు. చుట్టూ మూడు జాతుల సైన్యాలు తలపడుతున్నా వాళ్లు కలిసే పనిచేశారు. ఏ జాతి స్త్రీ వచ్చినా తలుపు తీశారు.

పని తీరు

స్త్రీవైద్య పరీక్షల గది, ఆపరేషన్ సౌకర్యం, తల్లులూ పిల్లలూ ఉండటానికి గదులు కేంద్రంలో ఏర్పాటయ్యాయి. శిబిరాలకు, పల్లెలకు సంచార వైద్యశాల వెళ్లేది. అత్యాచారం జరిగిందని నోరువిప్పి చెప్పడం ఏ స్త్రీకీ తేలిక కాదు. చాలామంది కడుపునొప్పి అనో, నిద్ర పట్టడం లేదనో వస్తారు. అందుకే యుద్ధంలో దెబ్బతిన్న ఏ స్త్రీ అయినా రావచ్చని నియమం పెట్టారు. అక్కడికి వెళ్లినంత మాత్రాన ఊరివాళ్లు ఎవరి మీదా ముద్ర వేయలేని ఏర్పాటు అది. చెప్పమని ఒత్తిడి చేయకుండా, చెప్పాలనిపించిన రోజు వినడానికి మనిషి ఉండేలా చూశారు.

ఊరి మనసు తెలిసినవాళ్లు కనుకే ఇంకో ముఖ్యమైన పనీ చేయగలిగారు. జెనిత్సా ఇమామ్‌ను కలిసి, అత్యాచారానికి గురైన స్త్రీలను సమాజం గౌరవించాలంటూ ఫత్వా ఇప్పించారు. బిడ్డను, భార్యను ఇంట్లోకి రానివ్వడానికి జంకే కుటుంబాల్లో మతపెద్ద మాటకు ఉన్న బలం విదేశీ కరపత్రానికి ఉండదు. కుట్టుపని వంటి చేతిపనుల శిక్షణ కూడా మొదలుపెట్టారు.

న్యాయస్థానంలో

మాజీ యుగోస్లావియా అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో 1998లో జరిగిన ఆంటో ఫురుంజియా విచారణలో మెడికా పేరు ప్రముఖంగా వినిపించింది. ప్రధాన సాక్షి అయిన బాధితురాలు మెడికాలో మానసిక సహాయం పొందారని తెలియడంతో, ఆమె జ్ఞాపకశక్తిని నమ్మలేమని నిందితుడి న్యాయవాదులు వాదించారు. విచారణ మళ్లీ తెరిచారు. మానసిక గాయం ఉన్నంత మాత్రాన సాక్ష్యం చెల్లదనడానికి వీల్లేదని న్యాయమూర్తులు 1998 డిసెంబరు 10న తేల్చి, నిందితుడికి 10 ఏళ్ల శిక్ష విధించారు. చికిత్స తీసుకోవడమే స్త్రీకి శాపమయ్యే ప్రమాదం ఆ తీర్పుతో కొంత తప్పింది. చికిత్స రికార్డులు కోర్టు దాకా వెళ్లడం మాత్రం, బాధితుల గోప్యతను ఎంత జాగ్రత్తగా కాపాడాలో గుర్తుచేసింది.

యుద్ధం తర్వాత

తుపాకులు ఆగినా ఇళ్లలో హింస ఆగలేదు. సంస్థలోని ఇన్ఫోతెకా అనే పరిశోధన విభాగం 1990ల చివర్లో జెనిత్సాలో గృహహింసపై సర్వే చేసింది. హెల్ప్‌లైన్, ఆశ్రయగృహం నడపడంతో పాటు పోలీసులకు, సామాజిక కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం సంస్థ రోజువారీ పనిలో భాగమైంది. యుద్ధంలో తానూ నిరాశ్రయురాలైన సబిహా హుసిచ్ తర్వాతి కాలంలో సంస్థకు డైరెక్టర్ అయ్యారు.

2006లో అత్యాచార బాధితురాలి కథతో యాస్మిలా జ్బానిచ్ తీసిన ‘గ్రబావిత్సా’ చిత్రం బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ గెలిచింది. అదే ఏడు మహిళాసంఘాల ఉద్యమం ఫలించింది. అత్యాచార బాధితులను యుద్ధ పౌరబాధితులుగా గుర్తించి, నెలనెలా భృతి ఇచ్చేలా దేశంలోని ఒక భాగమైన బోస్నియా ఫెడరేషన్ చట్టాన్ని సవరించింది. దేశంలోని మరో భాగమైన రిపబ్లికా స్ర్ప్‌స్కాలో ఇలాంటి చట్టం 2018 వరకు రాలేదు. అత్యాచారాల వల్ల పుట్టిన పిల్లలకు ఫెడరేషన్‌లో చట్టపరమైన గుర్తింపు 2023లో దక్కింది.

విస్తరణ

మెడికా మోండియాలే తర్వాత కొసొవో, అఫ్గానిస్తాన్, లైబీరియా తదితర దేశాల్లో పనిచేసింది. జెనిత్సా అనుభవంతో, స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చి క్రమంగా సంస్థను వాళ్లకే అప్పగించే పద్ధతిని అనుసరించింది. ఈ కృషికి మోనికా హౌజర్‌కు 2008లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది. 2021లో తాలిబన్లు అధికారం చేజిక్కించుకున్నాక అఫ్గానిస్తాన్‌లో పని ఆగిపోయింది. రాజ్యమే స్త్రీలకు ఎదురు తిరిగినప్పుడు స్థానిక సంస్థే మొదట దెబ్బతింటుందని, దాన్ని నడిపిన స్త్రీల భద్రత కూడా భాగస్వాముల బాధ్యతేనని ఆ పరిణామం చాటింది.

ప్రాముఖ్యం

మెడికా జెనిత్సా, మెడికా మోండియాలే కలిసి 2014లో వెలువరించిన అధ్యయనం 51 మంది బాధిత స్త్రీల జీవితాలను పరిశీలించింది. రెండు దశాబ్దాలు గడిచినా సగం మందికి పైగా మానసిక గాయం లక్షణాలతోనే బతుకుతున్నారని తేలింది. ఏడాదికో రెండేళ్లకో ముగిసే ప్రాజెక్టులు ఇలాంటి గాయానికి చాలవు. డబ్బు, నైపుణ్యం బయటి నుంచి రావచ్చు, రావాలి కూడా. కానీ 20 ఏళ్ల తర్వాత తలుపు తట్టిన స్త్రీకి తలుపు తీసేది ఆ ఊళ్లోనే ఉండే సంస్థ. కాబట్టి సహాయం చేసేవాళ్లు నిర్ణయాధికారాన్ని స్థానిక స్త్రీలకు మొదటినుంచే అప్పగించాలి, నిధులను ఏళ్ల తరబడి కొనసాగించాలి.