పొగగొట్టములోని శలాక

మోటారుబండి పొగగొట్టములో కొంతసేపు అమర్చి, పని తీరిన పిమ్మట తీసివేయు ఒక చిన్న పనిముట్టు యొక్క చరిత్రము నేటి నా ప్రసంగమునకు విషయము. వ్యాకరణము చెప్పి జీవించిన పంతులుకు పొగగొట్టములతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. దీని పేరే నన్ను దీనివైపునకు లాగినది. జర్మనులు దీనికి ‘లాంబ్డా సోండె’ యని పేరిడిరి. లాంబ్డా గ్రీకు అక్షరము; గాలికిని పెట్రోలునకును గల పాళ్లను తెలుపు గుర్తు. సోండె యనగా వ్రణము లోతు చూచుటకు వైద్యుడు చొప్పించు శలాక. సుశ్రుతుడు అట్టి శలాకనే ‘ఏషణి’ యనెను. మన మేస్త్రీలు మాత్రము దీనిని ఆక్సిజను సెన్సారు అందురు.

ఇది లేని నాడు మేస్త్రీ యేమి చేసెడివాడు? ఇంజను చప్పుడునకు చెవి యొగ్గెడివాడు. స్పార్కు ప్లగ్గును ఊడదీసి దాని మొన వన్నె చూచెడివాడు. మసిబారి నల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువ; పాలిపోయి తెల్లగా నున్నచో గాలి యెక్కువ; గోధుమవన్నె యైనచో సరి. అంతట కార్బురేటరు మరను పావుచుట్టు ఇటో అటో త్రిప్పెడివాడు. ఈ విద్యను నేను తక్కువ చేసి చెప్పను. పల్లెలలో ఎన్నో బండ్లు ఈ చెవిమీదను ఈ కంటిమీదనే నడచినవి. కాని చెవికిని కంటికిని ముక్కునకును అందని దొకటి ఆ పొగలో గలదు.

కట్టెల పొయ్యి ఎరిగినవారికి దీనిని చెప్పుట సులువు. కట్టెలు క్రిక్కిరిసి గాలి చొరనిచో పొయ్యి పొగలు గ్రక్కును. ఊదుగొట్టముతో నూదినచో మంట లేచును. ఇంజనునకును అంతే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. గాలి చాలనిచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడిపించుకొని కూర్చున్నవాడు తాను చచ్చుచున్నట్లు ఎరుగకయే చచ్చును. గాలి కొంచెము మించినచో, ఆ వేడికి నత్రజని ఆమ్లజనితో గలసి వేరొక విషవాయు వగును. మేస్త్రీ చెవి బండి బలమును వినగలదు గాని ఈ విషములను వినజాలదు.

ఈ శలాక పుట్టుక దీపమునుండి. జర్మనీలో గెట్టింగెను నగరమున వాల్టరు నెర్న్‌స్టు అను పండితు డుండెను. రెండుప్రక్కల ఒక పదార్థము హెచ్చుతగ్గులుగా నున్నచో విద్యుత్తు ఎంత పుట్టునో తెలుపు సూత్రమును ఆయన 1889లో చెప్పెను. తరువాత 1897 ప్రాంతమున జిర్కోనియా యను తెల్లని ఖనిజములో యిట్రియా కలిపి, సన్నని కడ్డీ చేసి, విద్యుద్దీపముగా వెలిగించెను. చల్లగా నున్నపుడు ఆ కడ్డీలో విద్యుత్తు పారదు. ముందు అగ్గిపుల్లతోనో మరియొకదానితోనో కాచవలెను. టంగ్‌స్టను తీగ దీపములు వచ్చినంతట దీనిని లోకము మరచినది. నెర్న్‌స్టుకు మోటారుబండ్లమీద మిక్కిలి మోజు. ఒకచేత ఆ కడ్డీని, మరియొకచేత బండి చుక్కానిని పట్టిన ఆ మహానుభావునకు ఈ రెండును ఒకనాడు కలియునని తోచియుండదు. ఆయన 1941లో గతించెను.

ఆ కడ్డీలో విద్యుత్తును మోయునవి ఆమ్లజని కణములే యని 1943లో కార్ల్ వాగ్నరు వివరించెను. ఒకప్రక్క బయటిగాలి, ఒకప్రక్క పొగ యుండునట్లు జిర్కోనియాతో దర్జీవాని వ్రేలితొడుగు వంటి గిన్నె చేసి, ఇరుప్రక్కల ప్లాటినము పూసి, సుమారు 350 డిగ్రీలకు కాచినచో, ఆమ్లజని హెచ్చుగా నున్న ప్రక్కనుండి తక్కువ ప్రక్కకు పోజూచును. అప్పుడు వోల్టేజి పుట్టును. పొగలో ఆమ్లజని మిగిలియున్నచో వోల్టులో పదియవవంతు; పెట్రోలు మిక్కుటమైనచో 0.8, 0.9 వరకును. 14.7 పాళ్ల గీటు దాటునప్పుడు ముల్లు ఒక్కసారిగా దుముకును.

అదే 1943లో అమెరికాలోని లాస్ ఏంజెలిసు నగరమును కండ్లు మండించు మబ్బు క్రమ్మినది. శత్రువులు విషవాయువు వదలిరని జనులు బెదరిరి. అది బండ్ల పొగయు ఎండయు గలసి చేసిన పని యని హాగెన్ స్మిట్ అను రసాయనజ్ఞుడు 1950 తరువాత నిరూపించెను. పొగను శుద్ధిచేయు ప్లాటినపు పాత్రలు వచ్చినవి. కాని మూడు విషములను ఒక్కమారు హరించుటకు గాలిపాళ్లు సరిగా ఆ గీటుమీద నిలువవలెను. ఎంతటి మేస్త్రీయు ప్రతి క్షణము మర త్రిప్పుచు కూర్చుండజాలడు గదా! అందుచే బాష్ కంపెనీవారు ఈ శలాకను పొగగొట్టములోనే స్థిరముగా నాటిరి. 1976లో కాలిఫోర్నియాకు పోయిన వోల్వో బండ్లు దీనిని మొట్టమొదట ధరించినవి.

ఇక్కడ సీసము సంగతి చెప్పక తీరదు. 1921లో మిడ్జిలీ కనిపెట్టినది మొదలు ఇంజను కొట్టుకొనకుండ పెట్రోలులో సీసపు మందు కలిపిరి. అది పసిపిల్లల మెదడునకు చెరుపు. ఆ సీసమే ప్లాటినమునకు పట్టి శుద్ధిపాత్రను, శలాకను గూడ చంపును. అమెరికాలో 1974లో సీసములేని పెట్రోలును బంకులలో పెట్టించినది ముఖ్యముగా ఆ పాత్రను కాపాడుటకే. పిల్లల మొర కంటె పాత్ర మొర ముందు వినబడుట నాకు నేటికిని మింగుడుపడదు. మనదేశమున 1995లో నాలుగు మహానగరములకు, 2000లో దేశమంతటికి సీసములేని పెట్రోలు వచ్చినది.

2020 ఏప్రిలు 1 నుండి అమ్ముచున్న మన మోటారు సైకిళ్లలో ఈ శలాక పుట్టుకతోనే యున్నది. కార్బురేటరుగల పాతబండికి మాత్రము అరువు శలాకయే గతి. సిలిండర్ల పొగ అంతయు గలియు చోటునకు కొంచెము దిగువను గొట్టమునకు తొలిచి, 18 మిల్లీమీటర్ల మరగల వలయమును అతికింతురు. శలాకను పైనుండి వాలుగా దించవలెను. క్రిందినుండి పెట్టినచో గొట్టములోని నీరు దానిమీద చేరి, కాగిన గిన్నె పగులును. గొట్టము తుదను పట్టుకొయ్యతో బిగించు పద్ధతియు గలదు, తొలుచుట తప్పును. కాని బండి నిలకడగా తిరుగునపుడు బయటిగాలి వెనుకకు చొచ్చి, పెట్రోలు చాలలేదని కల్లసాక్ష్యము చెప్పును. గొట్టమునకు చిల్లి యున్నను అంతే. ప్లగ్గు నిప్పురవ్వ తప్పినచో మండని ఆమ్లజని పొగలోనికి వచ్చును, అప్పుడును అదే కల్ల. ఆ మాట నమ్మి మర త్రిప్పినవాడు ఇంకను విషమునే పెంచును.

మరియొక చిక్కు. ఏటవాలు ఎక్కుటకు ఇంజను పెట్రోలు కొంచెము హెచ్చుగా కోరును, సుమారు 12.5, 13 పాళ్ల గాలికి ఒకటి. పాత శలాక గీటునకు ఏ ప్రక్కనున్నదియే చెప్పునుగాని ఎంత దూరమో చెప్పదు. ఎంతయో చెప్పగల విశాలశలాక బాష్‌వారిదే 1994లో వచ్చినది. నేడు బండి సరిచేయువారు అరువు తెచ్చి పెట్టునది దీనినే. దీనికి లోపలనే కాచు తీగ గలదు. ఆ తీగకు విద్యుత్తు ఇయ్యక పొగలో వదలినచో మసిపట్టి చెడును. కనుక కొలత ముగిసినంతనే శలాకను ఊడదీసి, ఆ వలయమునకు మరబిరడా బిగించి, బండిని సొంతదారునకు అప్పగింతురు.