అల్యూమినియమునకు పదును: కదురు మొదలు సూక్ష్మయంత్రము వరకు

రాజపాళయమున నూలు మిల్లులతో ఏదో ఒక సంబంధము లేని తెలుగు కుటుంబము అరుదు. 1936లో పి.ఏ.సి. రామసామి రాజాగారు రాజపాళయం మిల్స్‌ను స్థాపించిన పిదప, రాట్నమునకు చెందిన కదురు అను మాట మన వారి నోట యంత్రమునకును చెల్లినది. నేటి రింగు ఫ్రేములలో కదురు నిమిషమునకు ఇరువది వేల చుట్లు తిరుగగలదు. దాని ఉక్కు కడ్డీ పైభాగమున అల్యూమినియపు తొడుగును బిగించి, నూలు చుట్టుకొను గొట్టమును దానిపై నిలుపుదురు.

ఈ తొడుగు ఎంత సరిగా ఉండవలెనో ఒక చిన్న లెక్క వలన తెలియును. నూరు గ్రాముల భాగము యొక్క కేంద్రము మిల్లీమీటరులో నూరవ వంతు ప్రక్కకు తొలగినదనుకొందము. 20,000 చుట్ల వేగమున అది సుమారు 450 గ్రాముల బరువుతో సమానమైన బలముతో కదురును ప్రక్కకు లాగును. వేగము సగమైనచో ఆ బలము నాల్గవ వంతునకు తగ్గును. అదురు, మోత, బేరింగుల అరుగుదల ఆ నూరవ వంతు నుండియే పుట్టును. ఇట్టి భాగములకు ఏ అల్యూమినియము తగునను ప్రశ్నకు ఆ లోహము యొక్క చరిత్రయే మంచి సమాధానము.

అల్యూమినియము మన దక్షిణదేశమునకు వంటపాత్రగా వచ్చెను. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ ఒకరి నొకరు ఎరుగకయే విద్యుత్తుతో దానిని వేరుచేయు మార్గమును కనుగొనగా వెల పడిపోయినది. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొర దానితో పాత్రలు చేయించుట ప్రారంభించెను. కొలది యేండ్లకే ఆ పరిశ్రమ ప్రైవేటు కంపెనీ చేతికి పోయినది. పాత్రకు మెత్తదనమే గుణము. సుత్తి దెబ్బకు అది పగులక సాగవలెను. అందుచే శుద్ధలోహమే దానికి చాలును. అయితే అల్యూమినియమనగా సొట్టలుపడు చౌక లోహమను తలంపు అప్పుడే మన జనులలో నాటుకొనినది. నేటికిని కొన్ని చిన్న వర్క్‌షాపులలో ‘అల్యూమినియము’ అని మాత్రము వ్రాసిన కాగితమును చూచి దొరికిన కడ్డీని కొనుట కలదు. నష్టమంతయు అచ్చటనే ఆరంభమగును.

యంత్రములకు పనికివచ్చు అల్యూమినియము 1906లో బెర్లిను సమీపమున పుట్టినది. ఆల్ఫ్రెడ్ విల్మ్ అను శాస్త్రజ్ఞుడు రాగిని, కొంచెము మెగ్నీషియమును కలిపిన అల్యూమినియమును కాచి నీట ముంచెను. మన కమ్మరి కొడవలికి పదును పెట్టు పద్ధతియు ఇదియే. కాని ఉక్కు నీట ముంచిన క్షణముననే గట్టిపడును. విల్మ్ లోహము అట్లు గట్టిపడలేదు. శనివారమున కొలిచి విడిచినదానిని సోమవారమున మరల కొలువగా ఎవరును ముట్టకయే అది గట్టిపడియుండెనని చెప్పుదురు. 1909 నాటికి ఇది డ్యూరాలుమిన్ పేరుతో వెలువడి, పిమ్మట జెప్పెలిన్ ఆకాశనౌకలకు ఎముకలగూడయ్యెను. కారణము మాత్రము 1938 వరకు కంటికి కనబడలేదు. ఆ యేట గినియే, ప్రెస్టన్ అనువారు ఎక్సు-కిరణముల సాయమున, లోహములో కరగియున్న రాగి అణువులు క్రమముగా గుంపులు కట్టి పొరల జారుడును అడ్డగించుచున్నవని వేరువేరుగా నిరూపించిరి. ఒక వింత చెప్పవలెను. 1903లో ఎగిరిన రైటు సోదరుల విమానపు ఇంజను పెట్టెను 1994లో పరిశీలింపగా, పోత వేడి వలననే అదియును ఇట్లే గట్టిపడినదని తేలినది. వారికి ఆ సంగతి తెలియదు!

1936లో జపానులోని సుమిటొమొవారు తుత్తునాగము కలిపి మరింత దృఢమైన లోహమును చేసిరి. 1943లో అమెరికాలో ఆల్కోవారు 7075ను వెలువరించిరి. ఈ నాలుగంకెల పేర్లు 1954లో స్థిరపడినవి. మన వర్క్‌షాపులలో వినబడు హెచ్‌ఈ 30 అనునది పాత బ్రిటిషు పేరు. దానికి సాటి 6082.

పూర్వము మన మిల్లులకు యంత్రములు లాంకషైరు నుండి ఓడలలో వచ్చెడివి. లోహము నెంచుకొను చింత మనకు లేదు. కోయంబత్తూరు తెలుగువారు ఆ స్థితిని మార్చిరి. 1937లో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు విద్యుత్ మోటారును తయారుచేసిరి. 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించిన కుప్పుస్వామి నాయుడుగారి కుటుంబమునకు చెందిన జి.కె. దేవరాజులుగారు 1962లో స్విట్జర్లాండు రీటరు సంస్థ సహకారముతో లక్ష్మీ మెషిన్ వర్క్స్‌ను నెలకొల్పిరి. యంత్రము ఇచ్చట పుట్టినప్పుడు లోహపు ఎంపికయు ఇచ్చటివారిదే యగును.

ఎంపికలో బలమొక్కటే చాలదు. తెంపుటకు చదరపు మిల్లీమీటరుకు మెత్తని శుద్ధలోహమునకు 9 కిలోలు, 6061-టి6కు 31, 7075-టి6కు 58 కిలోల బలము కావలెను. కాని బరువునకు వంగుటలో ఈ మూడును ఒకటే. ఉక్కుకంటె మూడింతలు వంగును. సన్నని భాగము వంగుచున్నదని 7075ను తెచ్చువాడు వెలను పెంచునే గాని వంపును తగ్గింపడు, మందమును పెంచవలెను. తుప్పు భయమున్నచోట, ఆనోడైజింగు కావలసినచోట 6061 మేలు. పేరు ప్రక్కనున్న ‘టి6’ అనునదే పదును. 6061ను 530 డిగ్రీల సమీపమున కాచి, నీట ముంచి, 175 డిగ్రీలలో ఎనిమిది గంటలుంచిన పదునది. విద్యార్థులకు ‘టెంపర్’ అను మాటను బట్టీపట్టించుటకంటె పదును అని చెప్పుట మేలని నా అభిప్రాయము. కమ్మరి ఇంటిబిడ్డకు అది వెంటనే తెలియును.

నీట ముంచుటలో పైపొర ముందుగా చల్లబడుటచే లోహములో బిగువు దాగియుండును. మందపు పలకను ఒక ప్రక్కనే చెక్కినచో ఆ బిగువు విడివడి భాగము విల్లువలె వంగును. అందుకే పలకను నూటికి రెండు పాళ్లు లాగి బిగువు తీసి ‘టి651’ అని అమ్ముదురు. లేనిచో రెండు ప్రక్కలను మార్చి మార్చి చెక్కి, కొంత ఆపి, పిదప తుదికోత కోయవలెను. మెత్తని రకములు పనిముట్టు అంచున అంటుకొని ముఖమును చీల్చును. దానికి వాడియైన అంచు, పాతకాలపు టర్నర్లు వాడు కిరసనాయిలు మందు.

ఇక వేడి. కొలతలకు ప్రమాణము 20 డిగ్రీలు. మన వేసవిలో 38 డిగ్రీల వేడిని 100 మిల్లీమీటర్ల అల్యూమినియపు భాగము మిల్లీమీటరులో సుమారు 42 వేయవ వంతులు పెరుగును. దానిని కొలుచు ఉక్కు పనిముట్టు అందులో సగమే పెరుగును. కనుక మధ్యాహ్నము ఇరువది వేయవ వంతులు పెద్దదిగా కనబడి త్రోసివేయబడిన భాగము, చల్లని కొలతగదిలో రాత్రియంతయు ఉంచి కొలిచినచో సరిగానే ఉండవచ్చును.