పద్దుల పుస్తకం నుంచి కొల్లాయి దాకా

నెలాఖరున జేబు తడుముకుని “వచ్చిన డబ్బంతా ఏమైపోయింది?” అని మీరెప్పుడైనా అనుకున్నారా? ఇదే ప్రశ్న 1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళిన ఒక గుజరాతీ యువకుడికీ ఎదురైంది. నిరాడంబరత అనగానే మనకు కొల్లాయి కట్టిన గాంధీజీ గుర్తుకొస్తారు. అయితే ఆయన అలా పుట్టలేదు, ఒక్కరోజులో అలా మారలేదు. ఆ మార్పు ఎలా వచ్చిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

లండన్‌లో లెక్కలు

మొదట్లో ఆయన అచ్చమైన ఇంగ్లీషు దొరలా కనిపించాలనుకున్నారు. 19 షిల్లింగులు పెట్టి టోపీ కొన్నారు. బాండ్ స్ట్రీట్‌లో 10 పౌండ్లకు సూటు కుట్టించారు. నాట్యం నేర్చుకోవడానికి 3 పౌండ్లు, వయొలిన్‌కు మరో 3 పౌండ్లు ఖర్చయ్యాయి. సుమారు మూడు నెలల తరువాత, తాను వచ్చింది చదువుకోసమనీ, ఖర్చు భరిస్తున్నది ఇంటి దగ్గర అన్నగారనీ ఆయన గ్రహించారు.

ఒక అలవాటు మాత్రం ఆయనకు మొదటినుంచీ ఉంది. బస్సు చార్జీ, తపాలా బిళ్ళ, వార్తాపత్రిక, ఏది కొన్నా పద్దు రాసి, పడుకోబోయే ముందు నిల్వ సరిచూసుకునేవారు. ఆ పద్దులే ఆయనకు దారి చూపాయి. పని ఉన్నచోటికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో గది తీసుకున్నారు. బండి ఖర్చు మిగిలింది, రోజుకు ఎనిమిది పది మైళ్ళ నడకా దక్కింది. తరువాత రెండు గదులు వదిలి ఒక్క గదికి మారారు. స్టవ్వు కొని ఉదయం ఓట్ల జావ కాచుకున్నారు, రాత్రికి రొట్టె, కోకోతో సరిపెట్టుకున్నారు. అలా రోజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడపగలిగారు. అప్పట్లో షిల్లింగుకు 12 పెన్నీలు, పౌండుకు 20 షిల్లింగులు ఉండేవి. మీరే లెక్క వేసి చూడండి: ఆ సూటు ఒక్కదాని ధరతో 160 రోజులు గడిచిపోతాయి!

గంజి కారిన కాలరు

దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా సంపాదన పెరిగినా ఈ ధోరణి ఆగలేదు. బట్టలు ఉతికించే ఖర్చు ఎక్కువవుతోందని, ఉతకడం గురించి పుస్తకం చదివి తానే నేర్చుకున్నారు. మొదటిసారి కాలరుకు గంజి ఎక్కువై, ఇస్త్రీ పెట్టె సరిగా కాలక, కోర్టులో గంజి రాలుతుంటే తోటి న్యాయవాదులు నవ్వారు. ప్రిటోరియాలో ఒక తెల్ల క్షురకుడు జుట్టు కత్తిరించనన్నప్పుడు కత్తెర తానే పట్టారు. ముందువైపు బాగానే కుదిరింది కానీ వెనకవైపు చెడింది. ఎలుకలు కొరికాయా అని స్నేహితులు ఆటపట్టించారు. పొదుపుగా మొదలైనది ఇక్కడ స్వావలంబనగా మారింది. 1904లో డర్బన్ సమీపాన ఫీనిక్స్ ఆశ్రమం నెలకొల్పడంతో అది పదిమంది కలిసి బతికే పద్ధతి అయింది.

కస్తూర్బా ప్రశ్న

ఈ కథలో మనం తరచుగా దాటవేసే ఘట్టం ఒకటుంది. 1901లో నాటాల్ విడిచి వస్తున్నప్పుడు అక్కడి భారతీయులు విలువైన కానుకలు ఇచ్చారు. వాటిలో కస్తూర్బాకు ఇచ్చిన బంగారు హారం ఉంది. ప్రజాసేవకు ప్రతిఫలం తీసుకోకూడదని గాంధీజీ అన్నీ తిరిగి ఇచ్చేయాలన్నారు. ముందు పిల్లలను ఒప్పించారు. కస్తూర్బా ఒప్పుకోలేదు. రేపు కోడళ్ళు వస్తే వారికేం పెట్టాలని అడిగారు. మీకోసం రాత్రింబవళ్ళు నేను పడ్డ చాకిరీ సేవ కాదా అనీ నిలదీశారు. చివరకు గాంధీజీ మాటే నెగ్గింది, కానుకలు ప్రజల ట్రస్టుకు వెళ్ళాయి. అయినా ఆమె ప్రశ్న మిగిలే ఉంది. ఇంట్లో ఖర్చు తగ్గించాలని నిర్ణయించేది ఒకరు, వదులుకునేది మరొకరు అయితే అది త్యాగమవుతుందా? ఈ సంగతి గాంధీజీ తన ఆత్మకథలో దాచకుండా రాశారు.

మదురై నిర్ణయం

1921లో విదేశీ వస్త్ర బహిష్కరణ ఉద్యమం సాగుతోంది. మద్రాసు నుంచి మదురై వెళ్ళే రైలులో, ఖద్దరు కొనే స్తోమత తమకు లేదని తోటి ప్రయాణికులు ఆయనతో అన్నారు. ఆ మాటలో నిజముంది. కొనలేనివారిని కొనమనడం కంటే తన బట్ట తగ్గించుకోవడం మేలని ఆయనకు తోచింది. సెప్టెంబరు 22న మదురైలో కొల్లాయి కట్టారు. మొదట కొద్దివారాలకే అనుకున్న ఆ వేషం జీవితాంతం నిలిచింది. 1931లో బకింగ్‌హామ్ రాజభవనానికీ ఆయన అలాగే వెళ్ళారు.

మనకేమిటి?

లేనివాడు తగ్గించుకుని బతకడం పేదరికం. ఉన్నవాడు ఆలోచించి తగ్గించుకుంటేనే అది నిరాడంబరత. ఈ తేడాను మరచి పేదలకు పొదుపు బోధించడం తేలిక. గాంధీజీ మదురైలో చేసింది అది కాదు.

ఈ రాత్రి మీరూ ఒక కాగితం తీసుకుని ఈరోజు పద్దు రాయండి. ఏది తగ్గించవచ్చో గుర్తు పెట్టండి. కానీ కొట్టివేసే ముందు, ఆ ఖర్చు ఎవరిదో వారినే ఒకమాట అడగండి.