చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు

మా అనంతపురం వైపు ‘కాన్వెంటు’ అంటే సిస్టర్లు ఉండే ఇల్లు అని ఎవరూ అనుకోరు. ఇంగ్లీషు మీడియం బడి అనే అనుకుంటారు. వీధి చివర రెండు గదుల్లో, సరస్వతి పటం కింద అగరబత్తి వెలిగించి నడిపే బడి కూడా కాన్వెంటే. “మీ పిల్లోడు ఏడ చదువుతాండాడు?” అని అడిగితే “కాన్వెంటులో” అంటే చాలు, బడి పేరు కూడా అక్కర్లేదు. కన్యస్త్రీల మఠానికి చెందిన మాట ఇట్లా ఊరందరిదీ అయింది. దాన్ని ఊరందరిదీ చేసింది తల్లిదండ్రులే. కానీ బడుల చరిత్రల్లో వాళ్ళు కనిపించరు. స్థాపించిన ఫాదర్లు, కట్టిన భవనాలు, వచ్చిన ర్యాంకులు ఉంటాయి. పిల్లోణ్ణి చెయ్యి పట్టుకుని గేటు దాకా తెచ్చినవాళ్ళు ఉండరు. అందుకని నేను చూసిన ఇద్దరు తండ్రుల సంగతి రాస్తున్నాను.

నేను సిస్టర్లు నడిపే అసలైన కాన్వెంటులోనే చదివాను, 1980లలో, ఒకటి నుంచి ఐదు దాకా. మా నాయనది శెనక్కాయ సేద్యం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అదీ పడితే. బడి తెరిచేది జూన్‌లో. విత్తనకాయ కొనాల్సిందీ ఆ నెల్లోనే. కాయ ఇంటికి వచ్చేది దసరా దాటాక, దీపావళి పక్కన. అంటే ఇంట్లో దుడ్లు ఏమాత్రం లేని నెల్లోనే ఫీజు కట్టాలి. ఆ ఏడు అమ్మ కమ్మలు కుదువకు పోయినాయి. అవి విత్తనాలకా, నా ఫీజుకా అన్నది మా ఇంట్లో ఈ రోజుకీ తేలలేదు.

అడ్మిషన్ రోజు సిస్టరు మా నాయనను ఇంగ్లీషులో ఏదో అడిగింది. “మాకు రాదు తల్లీ. వాడికి రావల్లనే వచ్చినాం” అన్నాడాయన. ఆమె నవ్వి తెలుగులోకి దిగింది. ఫారం నింపడం నిమిషం పని. మతం, హిందువు. కులం, మాది మేం చెప్పుకున్నాం. మాకు ఆ గడులు గడులే, అంతకుమించి ఏమీ కాదు.

మా వెనక నిలబడ్డాయన మా చేలో గొర్రు తోలడానికి వచ్చేవాడు. మాదిగవాడ. తాత నాడే చర్చిలో కలిసిన కుటుంబం. ప్రతి ఆదివారం పూజకు నడిచి వచ్చేవాడు, ఆ సిస్టరుకు బాగా తెలిసిన మనిషి. కొడుక్కి బాప్టిజంలో ఒక పునీతుడి పేరు పెట్టుకున్నారు. బడి ఫారంలో మాత్రం ఆయన వేరే పేరు చెప్పాడు. మతం గడి దగ్గర కాసేపు ఆగి “హిందూ అని రాయండమ్మా” అన్నాడు. ఆమె తలెత్తి చూసింది. మళ్ళీ తల దించి రాసింది. ఇద్దరూ ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఆ కొడుకు నా బెంచీలోనే కూర్చునేవాడు. క్యాథలిక్ పిల్లలు క్యాటకిజం క్లాసుకు లేచిపోతే, మిగిలినవాళ్ళం మోరల్ సైన్స్ చదువుకునేవాళ్ళం. రిజిస్టరు ప్రకారం వాడు మాతోనే ఉండాలి. ఆదివారం మాత్రం చర్చి వరండాలో క్యాటకిజానికి వాడే ముందు వరస. నాకది అప్పుడు తమాషాగా ఉండేది.

తమాషా కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతం కాని మతంలో ఉన్నవాళ్ళు షెడ్యూల్డు కులం కిందికి రారు. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970లో, క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను బీసీ-సి కింద పెట్టి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. 1977లో చట్టంతో ముడిపడని కొన్ని రాయితీలు వాళ్ళకూ వర్తింపజేశారు. కానీ ఎస్సీ సీటు, ఎస్సీ ఉద్యోగం రాలేదు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన, ఎస్సీ చర్మకారులకు ఉచితంగా ఇస్తున్న బంకు తనకెందుకు ఇవ్వరని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. మతం మారాక కూడా కులం కొనసాగుతోందని చూపితే సరిపోదు, క్రైస్తవ సమాజంలోనూ అంతే తీవ్రమైన వెనకబాటు ఉందని చూపాలి అని 1985లో కోర్టు కొట్టేసింది. మా గొర్రు తోలే ఆయన ఈ తీర్పు చదివి ఉండడు. దాని సారం మాత్రం ఫారం దగ్గర ఆయనకు ముందే తెలుసు.

అన్ని కులాలకూ ఈ లెక్క ఒకటి కాదు. 1700 దాటిన కొద్ది ఏళ్ళకే ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరు మీదుగా ఈ కరువు పీఠభూమికి వచ్చారు. సన్యాసుల్లా కాషాయం కట్టి, తెలుగు నేర్చి, కులం జోలికి పోకుండా మతం చెప్పారు. వాళ్ళ మాట విన్న రెడ్డి కుటుంబాలు కొన్ని తర్వాత కరువులకు, యుద్ధాలకు తాళలేక గుంటూరు సీమకు వలసపోయి ఫిరంగిపురం లాంటి ఊళ్ళలో స్థిరపడ్డాయి. వాళ్ళు రెడ్లుగానే ఉన్నారు, క్రైస్తవులుగానూ ఉన్నారు. బడి ఫారంలో రెండు గడులూ నిజాయితీగా నింపగలరు. పోయేది ఏమీ లేదు. అదే దేవుణ్ణి మొక్కే మాదిగ తండ్రికి ఒక గడిలో నిజం రాస్తే రెండో గడి చేజారిపోతుంది.

ఇక్కడ విన్సెంట్ ఫెర్రర్ గుర్తొస్తాడు. 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్ళగొట్టబడి, మరుసటి ఏడు అనంతపురం వచ్చిన స్పానిష్ జెస్విట్ ఆయన. 1970లో ఆ సంఘాన్ని వదిలేశాడు. ఆయన ఆర్డీటీ సర్కారు బడికి పోయే దళితవాడ పిల్లలకు వాడలోనే అనుబంధ బడులు నడిపింది. వాటికి జూన్ ఫీజు లేదు, మతం గడితో పని లేదు. కానీ నిజం చెప్పాలంటే, తల్లిదండ్రులు ‘కాన్వెంటు’ అన్నప్పుడు కోరుకున్నది అది కాదు. వాళ్ళకు టై కావాలి, బూట్లు కావాలి, ఇంగ్లీషు కావాలి. మా నాయనకూ అదే, గొర్రు తోలే ఆయనకూ అదే. ఒకే కోరికకు మా నాయన కమ్మలు కుదువ పెట్టాడు. ఆయన కొడుకు పేరు కుదువ పెట్టాడు. కమ్మలు రెండేళ్ళకు విడిపించుకున్నాం.

మతం మారిన దళితుల హోదా తేల్చమని 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. గడువు ఒకసారి పెంచారు, మళ్ళీ పెంచారు.

ఆ మధ్య గొర్రు తోలే ఆయన చనిపోతే వెళ్ళాను. నా బెంచీవాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు, ఫారంలో రాసిన ఆ పేరుతోనే. చర్చి వెనక సమాధుల దొడ్డిలో కొత్త సిలువ. దాని మీద వాళ్ళ నాయన బాప్టిజం పేరు. రేషను కార్డులో, ఓటరు లిస్టులో, పట్టాదారు పుస్తకంలో ఎక్కడా లేని పేరు. నలభై ఏళ్ళు మా చేలో తిరిగిన మనిషి పేరు నాకు ఆ రోజే తెలిసింది.

ఫొటో తీద్దామని ఫోను ఎత్తాను.

“వద్దులే రా” అన్నాడు వాడు.

జేబులో పెట్టుకున్నాను. రాసుకోవచ్చా అని అడిగితే చాలాసేపు ఆలోచించి, “రాసుకో. పేర్లు లేకుండా రాసుకో” అన్నాడు.