బొమ్మకు పెళ్లి రవిక

మొన్న దసరాకు ప్రొద్దుటూరు పుట్టింటికి వెళ్తే, మా తమ్ముడి కూతురు ప్లాస్టిక్ బొమ్మను పట్టుకొచ్చి "అత్తా, దీనికి బట్టలు కుట్టవా?" అంది. దర్జీ ఇచ్చిన పీలికల మూట ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం.

మన సీమ ఆడపిల్లలకు ఈ ముచ్చట కొత్తదా చెప్పండి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో నల్లరేగడి ఉన్న చోటల్లా పత్తి పండేది. దూదికి, పాత చీర చెంగులకు కరువేముంది? గుడ్డలో దూది కూరి, మెడ దగ్గర దారం బిగించి, కాటుకతో కళ్లు దిద్దితే పెళ్లికూతురు సిద్ధం! అమెరికాలో 1959లో పుట్టిన బార్బీకైతే బట్టలూ కొట్లోనే దొరికాయి. మన బొమ్మకు మాత్రం మనమే దర్జీలం.

అయితే ఆ బొమ్మల పెళ్లి వెనక ఇంకో కథ ఉంది. మా అవ్వ వాళ్లమ్మ తన బొమ్మకు పెళ్లి చేసిన ఏడే తనకూ పెళ్లయిందట. అప్పటికి తొమ్మిదేళ్లు. అత్తారింటికి బొమ్మను తీసుకుపోనివ్వలేదని చివరిదాకా చెప్పుకునేదట.

ఆడపిల్లకు 14 ఏళ్లు నిండాలన్న శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ వయసు 1949లో 15, 1978లో 18 అయింది. ఆవిడకవేవీ అందలేదు.

ఎర్రపట్టు పీలిక తీసి "పెళ్లి రవిక కుడదామా?" అన్నాను.

"పెళ్లేంటత్తా? ఇది ఇంకా ఐదో తరగతి!"

పట్టుపీలిక పక్కన పెట్టి, యూనిఫారానికి నీలం గుడ్డ వెతకడం మొదలుపెట్టాను.