గల్పిక: చరిత్రకు ఒక ఆధారం

గురజాడ ‘దిద్దుబాటు’ వెలువడిన 1910లోనే కాశీనాథుని నాగేశ్వరరావు ‘ఆంధ్రపత్రిక’ తొలి ఉగాది సంచికను తెచ్చింది. క్రమంగా ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికలు తెలుగు పాఠకులు ఎదురుచూసే సాహిత్య సందర్భాలయ్యాయి. పత్రికల అవసరాలతోనే ఒకటి రెండు పేజీల్లో ముగిసే గల్పిక కూడా పెరిగింది. కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) ఈ రూపాన్ని విరివిగా వాడారు.

గల్పికలో వర్ణనకు చోటు తక్కువ. ఇంటి అద్దె, బియ్యం ధర వంటివి పాఠకులకు తెలిసినవే కనుక రచయిత వివరించడు. సమకాలికులకు వివరణ అక్కరలేనిది ఏమిటో గమనించండి. చరిత్ర విద్యార్థికి అదే ఆధారం.

అయితే అచ్చయిన కథ ఎక్కువగా చదువుకున్నవారి లోకాన్నే చూపుతుంది. 1922–24 మన్యం పోరాటం నడిచిన గూడెం కొత్తవీధి కొండల్లో చైత్రమంటే ఇటుకల పండుగ. అక్కడ కథ తరతరాలుగా నోటిమాటగానే నడిచింది. ఉగాది సంచికలు మాత్రమే తిరగేస్తే ఆ గొంతు మనకు దాదాపు వినిపించదు.

అభ్యాసం: మీ ఊరి పెద్దలు చెప్పే ఒక చిన్న కథను వారి అనుమతితో, వారి మాటల్లోనే రాయండి. ఊరు, తేదీ, చెప్పిన సందర్భం తప్పక నమోదు చేయండి.